మూడు దళాలకు ఒకే ఆయుధం: ఉమ్మడి సేకరణ కార్యక్రమాన్ని నడపడం ఎలా?

1961లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా వైమానిక దళం, నౌకాదళం రెండూ కలిసి ఒకే యుద్ధవిమానం చేయించుకోవాలని ఆదేశించారు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. డిజైన్ ఖర్చు ఒక్కసారే, స్పేర్ పార్టులు ఒకే రకం, ఎక్కువ సంఖ్యలో కొంటే ధర తక్కువ. కానీ వైమానిక దళానికి కావలసింది నేలను ఒరుసుకుంటూ అతివేగంగా చాలా దూరం వెళ్లి బాంబులు వేసే విమానం. నౌకాదళానికి కావలసింది యుద్ధనౌకల గుంపు పైన గంటల తరబడి తిరుగుతూ, దూరం నుంచే శత్రు విమానాన్ని క్షిపణితో కొట్టే విమానం. అది విమానవాహక నౌక లిఫ్టులో పట్టాలి, డెక్ మీద దిగాలి. 1962లో జనరల్ డైనమిక్స్‌కు కాంట్రాక్టు దక్కింది. తయారైన ఎఫ్-111లో నౌకాదళపు రకమైన ఎఫ్-111బి బరువు ఎంతకూ దిగిరాలేదు. ఏడు విమానాలు తయారయ్యాక 1968లో దాన్ని ఆపేశారు. వైమానిక దళం మాత్రం తన ఎఫ్-111లను 1990ల దాకా నడిపింది.

అంటే విమానం చెడ్డది కాదు. ఇద్దరినీ కలిపిన తీరు చెడ్డది. ఉమ్మడి కార్యక్రమం చేతికి వచ్చిన ప్రోగ్రామ్ మేనేజర్ ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఇదే. మీరు నడుపుతున్నది ఇంజినీరింగ్ పని అనిపిస్తుంది గానీ, సగానికి పైగా అది దళాల మధ్య సంతకాల పని, డబ్బు పంచుకునే పని. ఏది ఉమ్మడిగా ఉండాలో అందరూ అడుగుతారు. ఏది ఉమ్మడిగా ఉండకూడదో అడిగేవాళ్లు తక్కువ. ఈ మార్గదర్శిలో ఆ రెండో ప్రశ్న అడుగడుగునా వస్తుంది.

మొదటి అడుగు: ఎంతవరకు కలవాలో తేల్చుకోండి

ఉమ్మడి అనగానే అందరికీ ఒకే వస్తువు అనుకోవడం పెద్ద పొరపాటు. కలవడంలో మెట్లున్నాయి.

అన్నిటికంటే తేలికైన మెట్టు, ఒక దళం తన కోసం చేయించుకున్నదాన్ని ఇంకో దళం తర్వాత తీసుకోవడం. సైడ్‌వైండర్ క్షిపణి అమెరికా నౌకాదళం తయారు చేసుకున్నది, వైమానిక దళం దాన్ని తీసుకుంది. ఎఫ్-4 ఫాంటమ్ కూడా అంతే. 1958లో మొదటిసారి ఎగిరిన నౌకాదళ విమానం అది. రెండో దళానికి అప్పటికే ఎగురుతున్న వస్తువు కళ్లముందు ఉంది కాబట్టి ఊహల మీద గొడవ లేదు.

తర్వాతి మెట్టు, విడిభాగాన్నో ఉపవ్యవస్థనో పంచుకోవడం: ఇంజిన్, క్షిపణి, రేడియో, బాంబు కిట్. ఆ పైది, రెండు వేర్వేరు వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా ప్రమాణం ఒక్కటే ఉంచుకోవడం. అన్నిటికంటే కష్టమైనది, ఒకే ఒడ్డూపొడుగూ ఉన్న విమానాన్నో వాహనాన్నో నాలుగు చోట్లా వాడాలనుకోవడం.

మీ కార్యక్రమం ఏ మెట్టు మీద నిలబడాలో తేల్చడానికి మూడు ప్రశ్నలు వేయండి. వాడే చోటు ఒకటేనా? వాడే పని ఒకటేనా? కావలసిన సంవత్సరం ఒకటేనా? మూడిటికీ అవును అని వస్తే పూర్తి ఉమ్మడికి వెళ్లవచ్చు. మొదటి దానికే కాదు అని వస్తే కనీసం ఒక మెట్టు దిగండి. మూడో ప్రశ్నను జనం తేలిగ్గా తీసుకుంటారు. ఒక దళానికి రెండేళ్లలో కావాలి, ఇంకో దళం పదేళ్లు ఆగగలదు అంటే, రెండో దళం ఇంకా రాని టెక్నాలజీని అడుగుతూనే ఉంటుంది, మొదటిది దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

పొదుపు అవుతుందన్న మాటను కూడా పరీక్షించకుండా నమ్మవద్దు. అమెరికా పరిశోధనా సంస్థ ర్యాండ్ 2013లో పాత ఉమ్మడి విమాన కార్యక్రమాలను లెక్కగట్టి చూసింది. పూర్తిస్థాయి అభివృద్ధి మొదలైన తొమ్మిదేళ్లకు వాటి ఖర్చు సగటున 65 శాతం పెరిగితే, ఒకే దళం నడిపిన వాటిలో 24 శాతం పెరిగింది. పది మంది చేరితే పాము చావదన్న సామెత ఊరికే పుట్టలేదు.

రెండో అడుగు: అవసరాల పత్రం రాయడం

కార్యక్రమం బతికేదీ చచ్చేదీ ఇక్కడే. అందుకే ఈ అడుగులో ఎక్కువసేపు ఆగుదాం.

ప్రతి దళమూ తన జాబితాతో వస్తుంది. రెండు జాబితాలను కుట్టి ఒక పత్రం చేయడం చాలా సులువు, చాలా ప్రమాదం. ప్రతి వాక్యం పక్కన మూడు గడులు పెట్టండి: ఇది ఎందుకు కావాలి, ఇది లేకపోతే ఏ పని ఆగిపోతుంది, దీనివల్ల మిగతా దళాల మీద పడే బరువు, ధర ఎంత. మూడో గడి నింపాల్సింది అడిగిన దళం కాదు, మీ ఆఫీసులోని ఇంజినీర్లు. ఆ గడి నిండేసరికి సగం కోరికలు వాటంతటవే వెనక్కి పోతాయి.

కొన్ని వెనక్కి పోవు, పోకూడదు కూడా. 1967 జూలై 29న అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ మీద ఒక రాకెట్ పొరపాటున పేలి మంటలు అంటుకున్నాయి. ఆ మంటల్లో బాంబులు పేలి 134 మంది చనిపోయారు. నౌకాదళం బాంబులకు వేడిని తట్టుకునే పూత కావాలని పట్టుబట్టడం వెనుక ఆ రోజు ఉంది. నేలమీది స్థావరంలో బాంబులు దాచుకునే దళానికి అది అనవసర ఖర్చులా కనిపించవచ్చు. ఎందుకు అన్న గడి నిజాయితీగా నింపితే ఇలాంటివి ఎవరూ వాదించకుండానే నిలబడతాయి. దళాల అలవాట్ల నుంచి వచ్చిన కోరికకూ భౌతిక పరిమితి నుంచి వచ్చిన కోరికకూ తేడా అక్కడే బయటపడుతుంది.

భౌతిక పరిమితులను ముందే ఒక పేజీలో వేరుగా రాసుకోండి. హెలికాప్టర్ ఎంత బరువు మోయగలదు, నౌకలోని హ్యాంగర్ వెడల్పు ఎంత, రవాణా విమానంలో ఎంత ఎత్తు పడుతుంది, ఉప్పుగాలిలో ఏ లోహం తుప్పు పడుతుంది. వీటి మీద బేరాలు ఉండవు. అమెరికా దళాల కోసం మూడు రకాలుగా చేసిన ఎఫ్-35 యుద్ధవిమానంలో నిలువుగా దిగగలిగే బి రకం బరువు 2004 నాటికి హద్దు దాటింది. ప్రత్యేక బృందాన్ని పెట్టి దాదాపు 2,700 పౌండ్లు తగ్గించాల్సి వచ్చింది. ఆ క్రమంలో బి రకం పొట్టలోని ఆయుధాల గది చిన్నదైంది, మిగతా రెండు రకాల్లో పట్టే 2,000 పౌండ్ల బాంబు అందులో పట్టదు. ఒక రకానికున్న కఠినమైన పరిమితి మొత్తం కుటుంబం డిజైన్‌ను లాగేస్తుంది. ఏ పరిమితి అలా లాగుతుందో మొదటి ఏడాదిలోనే పసిగట్టాలి.

బ్రహ్మోస్ దారి ఇందుకు వేరు. నౌక నుంచీ నేల నుంచీ పేల్చే రకం సుమారు 3 టన్నులు. సుఖోయ్-30 కింద తగిలించడానికి దాన్ని యథాతథంగా ఇవ్వకుండా సుమారు 2.5 టన్నులకు తగ్గించిన రకం చేశారు, విమానానికీ మార్పులు చేశారు. మొదటి పరీక్ష 2001లో జరిగితే సుఖోయ్ నుంచి ప్రయోగం 2017 నవంబరులో జరిగింది. ముందు నిలదొక్కుకున్న క్షిపణి, తర్వాత దాని తేలిక రకం. పదహారేళ్లు ఎక్కువే అనిపించవచ్చు, కానీ మిగతా రెండు దళాలు అప్పటిదాకా ఆగి కూర్చోలేదు.

చివరిగా, ధరను కూడా ఒక అవసరంగా రాయండి. దీనికి జేడ్యామ్ అనే బాంబు కిట్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో మబ్బులూ పొగా అడ్డొచ్చి లేజర్ బాంబులు ఇబ్బంది పడ్డాయి. మామూలు బాంబు తోకకు ఉపగ్రహ సంకేతాలతో దారి చూపే కిట్ తగిలించాలన్న ఆలోచనతో అమెరికా వైమానిక దళం ముందుండగా, నౌకాదళం కలిసింది. కిట్ ధర 40,000 డాలర్లు దాటకూడదని హద్దు పెట్టారు. అడిగిన అంశాలు బహు కొద్ది. కాంట్రాక్టు వచ్చేసరికి ధర దాదాపు 18,000 డాలర్ల దగ్గర తేలింది. 1999లో కొసావోలో వాడారు. ఒక సంగతి గమనించండి: ఇక్కడ విమానాలు ఉమ్మడి కాదు. బాంబు తోక మాత్రమే ఉమ్మడి. మెట్టు సరిగ్గా ఎంచుకోవడమే సగం విజయం.

పత్రం మీద ప్రతి దళం నుంచీ సంతకం చేసే అధికారి పేరు ఒక్కటే ఉండాలి. కమిటీ సంతకం ఎవరి సంతకమూ కాదు. భారత్‌లో ఇలాంటి ఉమ్మడి అవసరాల పత్రాన్ని జేఎస్‌క్యూఆర్ అంటారు. పేరు ఏదైనా, సంతకమయ్యాక కొత్త వాక్యం చేర్చాలంటే పాత వాక్యం ఒకటి తీసేయాలన్న నియమం పెట్టుకోండి.

మూడో అడుగు: పెద్దన్న ఎవరు?

ఒక దళాన్ని, అంటే కార్యక్రమాన్ని ముందుండి నడిపేదాన్ని, లీడ్ సర్వీస్‌గా ప్రకటించాలి. ఎక్కువ సంఖ్యలో కొనే దళమే లీడ్ కావాలని నియమం లేదు. ఆ పరికరం గురించి ఎక్కువ తెలిసిన దళానికి ఇవ్వడం మేలు. భారత్ 2024 అక్టోబరులో 31 ఎంక్యూ-9బి డ్రోన్ల కాంట్రాక్టుపై సంతకం చేసింది. నౌకాదళానికి 15, సైన్యానికి 8, వైమానిక దళానికి 8. లీడ్ నౌకాదళమే. అక్కడ సంఖ్యా, పనీ రెండూ ఒకే వైపు చూపించాయి. ఎప్పుడూ అంత తేలిగ్గా కుదరదు.

లీడ్ దళం మారిపోవడం కూడా జరుగుతుంది. హెలికాప్టర్‌లా నిలువుగా లేచి విమానంలా ఎగిరే వి-22 ఆస్ప్రే 1981లో మొదలైనప్పుడు ముందున్నది అమెరికా సైన్యం. అది కొద్దికాలంలోనే తప్పుకుంది, నౌకాదళం పగ్గాలు తీసుకుంది. మెరైన్ల (అమెరికా సముద్ర సైనికుల దళం) చేతికి అది యుద్ధానికి సిద్ధంగా అందింది 2007లో.

ప్రోగ్రామ్ మేనేజర్ ఎవరికి జవాబు చెప్పాలన్నది కుర్చీకంటే ముఖ్యం. ఎఫ్-35 ఆఫీసులో ఒక తమాషా ఏర్పాటు ఉంది. అధిపతి వైమానిక దళం నుంచి వస్తే ఆయన నౌకాదళ సేకరణ అధికారికి జవాబుదారీ, నౌకాదళం నుంచి వస్తే వైమానిక దళ అధికారికి. ఎవరి మనిషీ తన ఇంటివైపు మాత్రమే చూడకుండా ఇది ఒక కట్టడి. చిన్న కార్యక్రమానికి అంత హంగామా అక్కర్లేదు. అయితే రెండో దళం నుంచి వచ్చిన డిప్యూటీకి నిజమైన పని ఇవ్వండి: పరీక్షలో, కాంట్రాక్టులో, ఏదో ఒకటి పూర్తిగా ఆయన చేతిలో ఉండాలి. మీటింగులకు మాత్రమే వచ్చే డిప్యూటీ తన దళానికి రాసే ఉత్తరాలన్నీ ఫిర్యాదులే అవుతాయి. ఆయన వార్షిక పనితీరు నివేదికలో మీ మాట కూడా ఉండేలా మొదటే ఒప్పించుకోండి. దీన్ని అడగడానికి మొహమాటపడేవాళ్లు తర్వాత చాలా బాధపడతారు.

నాలుగో అడుగు: ఒప్పంద పత్రం, ముఖ్యంగా తప్పుకునే షరతు

పత్రం సంతకమైందని సంబరపడితే, ఇల్లు అలకగానే పండగ అయిందనుకున్నట్టే. అందులో ఏముందన్నదే అసలు విషయం. ఉమ్మడి ఖర్చు ఏ నిష్పత్తిలో పంచుకోవాలి, ఒక దళానికి మాత్రమే కావలసిన దానికి ఆ దళమే కట్టాలా, తగాదా వస్తే ఎన్ని రోజుల్లో ఏ మెట్టు పైకి వెళ్లాలి, ఇవన్నీ ఎలాగూ రాస్తారు. అందరూ దాటేసేది తప్పుకునే షరతు. అందరూ స్నేహంగా ఉన్నప్పుడే అది రాయాలి.

ఎందుకో ఒక చిన్న ఊహాలెక్కతో చూడండి. అభివృద్ధికి 600 కోట్లు అవుతుంది, రూపాయలైనా డాలర్లైనా లెక్క ఒకటే. ఒక దళం 200, ఇంకో దళం 100 కొంటాయి. ఒక్కో దానిమీద పడే అభివృద్ధి వాటా 2 కోట్లు. 100 కొనే దళం తప్పుకుంటే మిగిలిన దళానికి ఒక్కో దానిమీద 3 కోట్లు పడుతుంది. పైగా ఫ్యాక్టరీ తక్కువ సంఖ్యలో చేయడంవల్ల తయారీ ధర కూడా పెరుగుతుంది. ధర పెరిగిందని మిగిలిన దళం తన 200ను 150కి తగ్గిస్తే వాటా 4 కోట్లకు ఎక్కుతుంది. మొదటి దెబ్బ బయటి నుంచి, రెండో దెబ్బ మన చేతులతో మనమే.

జేఎల్‌టీవీ అనే తేలికపాటి సాయుధ వాహనం చూడండి. అమెరికా సైన్యం, మెరైన్లు కలిసి మొదలుపెట్టారు. మెరైన్లకు హెలికాప్టర్ ఎత్తగలిగేంత తేలిక కావాలి, సైన్యానికి పేలుడును తట్టుకునేంత గట్టిదనం కావాలి. 2011లో సెనెట్‌లో దాన్ని రద్దు చేయాలన్న సిఫార్సు వచ్చేదాకా వెళ్లింది. ఆ భయంతో రెండు దళాలూ కోరికలు తగ్గించుకుని ఒక మాట మీదకు వచ్చాయి. 2015 ఆగస్టులో ఓష్‌కోష్‌కు కాంట్రాక్టు వెళ్లింది. మళ్లీ 2025 మేలో సైన్యం ఇక కొనబోనని ప్రకటించింది. మెరైన్లకు ఆ వాహనాలు ఇంకా కావాలి. సింహభాగం కొనే భాగస్వామి లేచి వెళ్లిపోతే మిగిలినవాళ్ల ధర ఏమవుతుందో పై లెక్కే చెబుతుంది.

కాబట్టి షరతులో ఇవి ఉండాలి: తప్పుకోవాలంటే ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి, అప్పటిదాకా తన వాటా ఎలా చెల్లించాలి, సంఖ్య ఎన్ని శాతం తగ్గిస్తే దాన్ని పాక్షికంగా తప్పుకోవడంగా లెక్కించాలి. ఆఖరిది చాలామందికి తట్టదు. అందరూ పూర్తిగా తప్పుకోరు, మెల్లగా కరిగిపోతారు.

ఐదో అడుగు: డబ్బు

ప్రతి దళం బడ్జెట్ వేరుగా వెళుతుంది, వేరుగా కోతపడుతుంది. ఒక దళానికి కోత పడ్డ రోజు ఇంకో దళం డబ్బు చేతిలో ఉన్నా వాడలేని పరిస్థితి వస్తుంది. ఉమ్మడి అభివృద్ధి డబ్బు లీడ్ దళం బడ్జెట్‌లో ఒకే పద్దులో, ఒక్కో దళపు ప్రత్యేక రకానికయ్యే డబ్బు ఆయా దళాల పద్దుల్లో ఉండేలా చూసుకోండి. అన్ని దళాల అంకెలూ ఒకే పేజీలో కనిపించే పట్టికను ప్రతి నెలా అందరికీ పంపండి. ఎవరి కోత ఎవరి ఆలస్యానికి కారణమో అందరికీ కనిపించాలి. ఈ ఒక్క కాగితం చాలా గొడవలను పుట్టకముందే ఆపుతుంది.

ఆరో అడుగు: కాంట్రాక్టు

కాంట్రాక్టు ఒక్కటే ఉండాలి, అందులో దళాలవారీగా ఆప్షన్లు (కావాలంటే తర్వాత కొనుక్కునే హక్కులు) ఉండాలి. కంపెనీతో రెండు దళాలు వేర్వేరుగా మాట్లాడితే రెండింటికీ రెండు కథలు వినిపిస్తాయి. డెలివరీ వరుసను ముందే పట్టికగా రాసుకోండి. మొదటి పది ఎవరికి, ఫ్యాక్టరీ ఆలస్యమైతే ఎవరి వంతు వెనక్కి? డ్రాయింగులు, సాఫ్ట్‌వేర్ కోడ్ మీద హక్కులు ప్రభుత్వానికి ఉంటాయా, కంపెనీకా అన్నది కాంట్రాక్టు రోజే తేలాలి. పదేళ్ల తర్వాత ఒక దళం తన రకాన్ని మార్చుకోవాలంటే ఆ హక్కు లేకపోతే కంపెనీ చెప్పిన ధరే ధర.

ఏడో అడుగు: మార్పుల మీద కాపలా

ఉమ్మడితనం ఒక్కరోజులో చావదు. ఇక్కడో బోల్టు, అక్కడో కేబుల్, ఇంకోచోట ఒక సాఫ్ట్‌వేర్ గీత. ఎఫ్-35ను 2001లో లాక్‌హీడ్ మార్టిన్‌కు అప్పగించినప్పుడు మూడు రకాల మధ్య 70 నుంచి 80 శాతం ఉమ్మడి భాగాలు ఉంటాయన్న అంచనా ఉండేది. 2016లో అప్పటి కార్యక్రమ అధిపతి క్రిస్టఫర్ బొగ్డన్ ఆ సంఖ్య 20 నుంచి 25 శాతం మధ్య ఉందని బహిరంగంగా చెప్పారు. మధ్యలో 2010లో ఖర్చు హద్దు దాటి నన్-మెకర్డీ చట్టం కింద సమీక్షకు వెళ్లింది కూడా. ఈ కథలో నాకు నచ్చేది, ఆ అంకెను దాచకుండా చెప్పడం.

మార్పుల కమిటీలో ప్రతి ప్రతిపాదనను మూడు డబ్బాల్లో వేయండి. ప్రాణాపాయం తప్పించేది వెంటనే, అన్ని రకాలకూ వర్తించాలి. అందరికీ లాభమైనది ఉమ్మడి డబ్బుతో చేయాలి. ఒక దళానికి మాత్రమే కావలసినది ఆ దళం డబ్బుతో, మిగతావారి ఆమోదంతో చేయాలి. మూడో డబ్బాలోనిదాన్ని రెండో డబ్బాలోకి జరపడానికి జనం చాలా తెలివి వాడతారు. అందుకే ఉమ్మడి శాతాన్ని మూడు నెలలకోసారి కొలిచి గోడకు తగిలించండి. కొలిచే పద్ధతి కూడా ముందే రాసి పెట్టండి: భాగాల సంఖ్యా, బరువా, ధరా? పద్ధతి మార్చి అంకెను అందంగా చూపించడం చాలా తేలిక.

ఎనిమిదో అడుగు: పరీక్షలు

ప్రతి దళానికీ సొంత పరీక్షా సంస్థ, సొంత నమ్మకాలు ఉంటాయి. ఒకే పరీక్షను రెండుసార్లు చేయకుండా, ఒకరి ఫలితాన్ని ఇంకొకరు ఎప్పుడు ఒప్పుకుంటారో ముందే రాయించుకోండి. అలాగని అన్నీ కలిపేయకూడదు. నౌక మీద ఉండే బలమైన రేడియో తరంగాలకు బాంబులోని విద్యుత్ డిటొనేటర్ (పేల్చే పరికరం) పేలుతుందా అన్న పరీక్ష ఎడారిలో చేసిన ట్రయల్స్‌లో తేలదు. ఉప్పునీటి పరీక్ష, డెక్ మీద దిగే కుదుపు పరీక్ష, బురదలో నడిపే పరీక్ష, ఇవి విడివిడిగానే జరగాలి.

తొమ్మిదో అడుగు: వాడుకలోకి వచ్చాక

ఆయుధం జీవితంలో ఎక్కువ డబ్బు కొన్నాక ఖర్చవుతుంది. అయినా ప్రోగ్రామ్ ఆఫీసులు దీన్ని చివరికి నెట్టేస్తాయి. ఒకే బేరింగుకు రెండు దళాలు రెండు స్టాక్ నంబర్లు ఇస్తే, ఒక డిపోలో గుట్టలుగా పడి ఉండగా ఇంకో డిపోలో విమానం నేలమీద ఆగిపోతుంది. భాగాల జాబితా, మరమ్మతు పుస్తకం, శిక్షణ బడి, డిపో ఒకే చోటి నుంచి నడవడం సాధ్యమే. అమెరికాలో సంప్రదాయ మందుగుండు విషయంలో 1977 నుంచి అన్ని దళాల తరఫునా సైన్యమే నిర్వాహకుడిగా ఉంది. ఆ ఏర్పాటు వార్తల్లో కనిపించదు, ఎందుకంటే అక్కడ ఎవరి గౌరవమూ పణంగా లేదు.

వేగం ముఖ్యమైనప్పుడు దీన్ని తెలిసే వదులుకోవచ్చు. ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబులకు సైనికులు చనిపోతుంటే, 2007లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఎమ్‌ఆర్‌ఏపీ అనే, పేలుళ్లను తట్టుకునే వాహనాలకు అన్నిటికంటే పై ప్రాధాన్యం ఇచ్చారు. మెరైన్ల ఆఫీసు ముందుండి నడిపింది. పలు కంపెనీల నుంచి పలు రకాలు కొన్నారు. 20,000కు పైగా వాహనాలు వచ్చాయి. స్పేర్ పార్టుల తలనొప్పి తప్పలేదు, కానీ ఆ తలనొప్పి ఎంచుకున్నది. తెలియక తెచ్చుకున్నది కాదు.

పదో అడుగు: విడిపోవాల్సి వస్తే

అమెరికాలో 1997లో మొదలైన జేటీఆర్ఎస్, అన్ని దళాల పాత రేడియోల స్థానంలో సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఒకే కుటుంబాన్ని తేవాలనుకుంది. అన్ని అవసరాలూ ఒకే పెట్టెలో పెట్టబోయేసరికి పెట్టె బరువు, వేడి, ధర పెరిగాయి. వాహనాల మీద పెట్టే రేడియోను 2011 అక్టోబరులో రద్దు చేశారు, 2012లో ఉమ్మడి ఆఫీసు కూడా మూతపడింది. అయినా రేడియోలు మాట్లాడుకునే సంకేత పద్ధతుల పని వృథా కాలేదు, తర్వాతి రేడియోల్లోకి వెళ్లింది.

అందుకని విడిపోయే నిర్ణయం జరిగిన వారంలోనే ఒక జాబితా మొదలుపెట్టండి. ఏ డ్రాయింగు ఎవరికి, ఏ పరీక్ష ఫలితాలు ఎవరికి, డిపోలో ఉన్న ఉమ్మడి స్పేర్లలో ఎన్ని ఎవరికి, నడుస్తున్న కాంట్రాక్టు ఆప్షన్లు ఎవరి పేరు మీదకు బదిలీ అవుతాయి. ప్రతి వరుసకూ ఒక తేదీ, తీసుకునే అధికారి సంతకం ఉండాలి. ఆఫీసు తాళం వేసేది ఆ జాబితాలో ఖాళీ గడి లేనప్పుడే.